తుఫానుకు మొగ దగ్గర రాతికట్ట కుంగింది, పైన రాయి పోస్తే చాలా?

శ్రీకాకుళం తీరంలో మీ ఊరి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర అలలను అడ్డుకునే రాతికట్ట, అంటే బ్రేక్‌వాటర్, తుఫానుకు మీటరు కుంగింది, నాలుగు టిప్పర్ల రాయి పోయిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. కట్ట పైన కుంగితే ముందు పాదాన్ని, అంటే సముద్రం వైపు కట్ట అడుగు అంచును, అనుమానించాలి. అల కొట్టి వెనక్కి మళ్లేటప్పుడు పాదం ముందున్న ఇసుకను లాగేస్తుంది. ఆ గుంటలోకి పాదపు రాళ్లు దొర్లుతాయి, వాటికి ఆనుకున్నవి వరసగా జారతాయి. కొత్తగా పోసిన రాయీ అక్కడికే పోతుంది.

కాబట్టి ముందు కొలత. సముద్రం నెమ్మదించిన రోజు బోటులోంచి గుండు కట్టిన తాడుతో, కట్ట పొడవునా 5 మీటర్లకొక వరస చొప్పున, పాదం దాటి ఇంకో 10 మీటర్ల దాకా లోతు చూడండి. ఆటుపోట్ల తేడా సరిచేసుకోవాలి గనుక ప్రతి కొలత పక్కన టైం రాయండి. కట్ట కొసను, ఉత్తరపు వైపును మరింత దగ్గరగా చూడండి. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఉత్తరానికే ఎక్కువ నడుస్తుంది. కట్టకు దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోసేస్తుంది. ఈ సందులో కట్టను ఇంకొంచెం పొడిగిద్దాం అనే మాట వస్తే ఒప్పుకోకండి, ఉత్తరాన ఉన్న ఊరి తీరం పోతుంది.

రాయి బరువు దగ్గరే ఎక్కువ తప్పు జరుగుతుంది. కట్ట పై పొర రాయి ఎంత బరువుండాలో లెక్కించే హడ్సన్ సూత్రం ప్రకారం బరువు అల ఎత్తుకు ఘనంలో పెరుగుతుంది. 1:2 వాలు (నిలువు ఒకటికి అడ్డం రెండు) మీద, అల విరిగే చోట, 2 మీటర్ల అలకు గ్రానైట్ రాయి సుమారు 1.4 టన్నులు చాలు. 3 మీటర్ల అలకు 4.6 టన్నులు కావాలి, అంటే ఒక్కో పక్క 1.2 మీటర్లున్న దిమ్మ. దాని కింది పొర అందులో పదో వంతు, 450 కిలోల రాయి. టిప్పరు మొత్తం బరువు చూసి సంతకం పెట్టకండి, రాళ్లను విడివిడిగా తూయించండి.

టెక్కలి గ్రానైట్ క్వారీల వేస్టు దిమ్మలు గట్టివే. పలకలుగా ఉన్నవి మాత్రం వద్దు, పొడవు మందానికి మూడు రెట్లు దాటకూడదు. కొండల్లో దొరికే ఎర్రటి ఖోండలైట్ రాయి పై పొరకు పనికిరాదు, ఉప్పునీటికి పొరలుగా విడిపోతుంది.

పని పాదం నుంచి పైకి. జారిన పెద్ద రాళ్లను పొక్లెయిన్‌తో ఏరి పక్కన పెట్టండి. ఇసుకలో మీటరు లోతు కందకం తీసి, జియోటెక్స్‌టైల్ (ఇసుకను ఆపి నీటిని వదిలే గుడ్డ) పరిచి, దానిమీద చిన్న రాయి, ఆ పైన కనీసం మూడు పెద్ద రాళ్ల వెడల్పున పాదం కట్టాలి. పెద్ద రాయిని గుడ్డ మీద నేరుగా పడేస్తే చిరుగుతుంది. వాలు మీద ప్రతి రాయీ పక్కనున్న మూడింటికైనా గట్టిగా ఆనాలి. కదిలే రాయిని చిన్న ముక్కలతో బిగించకండి, మొదటి పెద్ద అలకే అవి ఎగిరిపోతాయి. సందుల్లో కాంక్రీటు అసలు పోయించవద్దు. అల బలాన్ని మింగేవి ఆ ఖాళీలే. పైగా కాంక్రీటు పోస్తే కింద ఇసుక పోయినా పైన బయటపడదు, ఒకేసారి విరిగి కూలుతుంది.

జనవరి నుంచి మార్చి దాకా పనికి అనువు. ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధంలో బోట్లు అడ్డురావు గానీ అప్పటికే కెరటం లేస్తుంది.

అయ్యాక కట్ట పైన 20 మీటర్లకొక రాయికి పెయింటు గుర్తు పెట్టి లెవెల్ రాసుకోండి. ఏటా మేలో ఒకసారి, ప్రతి తుఫాను తర్వాత ఇంకోసారి సరిచూడండి.