చలికాలంలో కూడా బండే అంటున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

చలికాలం మొత్తం బండి మీదే తిరుగుతా మావయ్యా అని మెసేజ్ పెట్టావ్, చూశా. వద్దని చెప్పే మొహం నాకు లేదు, నేనూ అదే చేశా కాబట్టి. నువ్వడిగింది ఏ జాకెట్ కొనాలి అని, అది తర్వాత చూద్దాం, ముందు చేతుల సంగతి విను.

బయట 5 డిగ్రీలే కదా పర్లేదు అనుకుంటావ్, 80 స్పీడ్‌లో వెళ్తుంటే ఒంటికి అది మైనస్ 3 లెక్క. ముందు దెబ్బతినేవి వేళ్ళు. నొప్పి పుడుతున్నంతసేపు కంగారు లేదు, నొప్పి పోయి హమ్మయ్య అలవాటైపోయింది అనిపించిందా, అప్పుడు భయపడు, వేళ్ళు మొద్దుబారాయన్నమాట, బ్రేక్ ఎంత నొక్కావో నీకే తెలీదు. నేనోసారి క్లచ్ పట్టుకునే ఉన్నా అనుకుని సిగ్నల్ దగ్గర ఆగా, చెయ్యి ఎప్పుడో జారిపోయింది, ఇంజిన్ ఆగి బండితో సహా ఉన్నచోటే పక్కకి పడ్డా, అందరి ముందూ.

హీటెడ్ గ్రిప్స్, అదే కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు కొందామనుకుంటావ్, మంచివే, కానీ అవి అరచేతిని వేడి చేస్తాయి, గాలి కొట్టేది చేతి వెనకవైపు. హ్యాండిల్‌కి తొడిగే మఫ్స్ ముందు కొను, దిండ్లు కట్టినట్టుంటాయి, నవ్వేవాళ్ళు నవ్వనీ. ఇంకోటి, ఛాతీ చల్లబడితే ఒళ్ళు లోపలి అవయవాల్ని కాపాడుకోడానికి చేతులకీ కాళ్ళకీ రక్తం తగ్గించేస్తుంది, అందుకే హీటెడ్ వెస్ట్, అంటే బండి కరెంటుతో వేడెక్కే చేతుల్లేని కోటు వేసుకుంటే వేళ్ళు కూడా వెచ్చబడతాయి, కాకపోతే నీ బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఆ లోడ్ మొయ్యగలదో లేదో మెకానిక్‌ని అడుగు. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమట పట్టి తడిసి వణికిస్తుంది, ఉన్నిది వేసుకో. రెండు జతల సాక్సులు కుక్కి బూట్లు బిగించకు, రక్తం ఆడక ఇంకా చలి. హెల్మెట్ అద్దానికి, అదే వైజర్‌కి, లోపల పిన్‌లాక్ అనే రెండో పొర పెట్టించు, ఊపిరికి మసకబారదు.

రోడ్డు మీద తెల్లగా కనపడే మంచు కన్నా తడిలా మెరిసేది ప్రమాదం, అదే బ్లాక్ ఐస్, కంటికి ఆనని పల్చటి గాజులాంటి మంచు పొర. వంతెనలు ముందు గడ్డకడతాయి, కింద నుంచి కూడా చల్లగాలి తగుల్తుంది కదా. చెట్ల నీడ పడే మలుపులు కూడా అంతే, మధ్యాహ్నమైనా నమ్మకు. పొరపాటున దాని మీదకెళ్తే బ్రేక్ ముట్టుకోకు, థ్రాటిల్ తిప్పకు, హ్యాండిల్ నిటారుగా పెట్టి దాటిపో. టైర్లలో గాలి కూడా చలికి దిగిపోతుంది, ఆరు డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పీఎస్ఐ (గాలి కొట్టేటప్పుడు మీటర్ మీద చూసే పాయింటు), పొద్దున బండి తియ్యకముందే చూసుకో.

జర్మనీలో 1956లో మొదలైన ఎలిఫెంటెన్‌ట్రెఫెన్ అని చలికాలంలో బైకర్లు కలుసుకునే మీట్ ఒకటుంది, మంచులో టెంట్లేసుకుని పడుకుంటారు మహానుభావులు. ఆ ఫొటోలు చూసి ఉబలాటపడకు, అక్కడికి సైడ్‌కార్లతో వచ్చేవాళ్ళు చాలామంది, మూడో చక్రం ఉంటే జారినా పడరు. నీకున్నవి రెండే, మంచు పడే రోజు బస్సెక్కు.

వణుకు మొదలైతే ఎక్కడుంటే అక్కడ ఆగి లోపలికెళ్ళి వేడిగా ఏదన్నా తాగు, ఇంకో పావుగంటే కదా అని లాగకు. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే ఇంకా ప్రమాదం, అప్పటికి బుర్ర పనిచెయ్యడం తగ్గిపోతుంది, ఆగాలన్న ఆలోచనే రాదు. చలికి మందు బాగుంటుందని ఎవడైనా అంటే వినకు, చర్మం వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటకి పోతుంది, పైగా తాగి బండి తోలతావా?

రోడ్డు మీద ఉప్పు చల్లితే ఇంటికొచ్చాక బండి కడిగి చెయిన్‌కి లూబ్ కొట్టు, ఇందులో బద్ధకించే నేనో చెయిన్ సెట్ తుప్పు పట్టించుకున్నా. నీ ఛాతీ కొలత పంపు, నా పాత వెస్ట్ ఉంది, పొట్ట పెరిగి నాకెలాగూ పట్టట్లేదు.

మావయ్య