పెద్ద సైజు స్కేట్లు వద్దు, వాడిన హెల్మెట్ అసలే వద్దు

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. చిన్నప్పటి నుంచి వుడా పార్కు రింకులో ఇన్‌లైన్ స్కేటింగ్ చేస్తున్నాడు, రోలర్ హాకీ ఆడతాడు. జనవరిలో లేహ్‌లో జరిగే ఐస్ హాకీ శిక్షణ శిబిరానికి వెళుతున్నాడు. తెలిసినవారు తమ అబ్బాయి వాడిన ఐస్ స్కేట్లు, హెల్మెట్, ప్యాడ్లు అన్నీ కలిపి తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. స్కేట్లు మావాడి బూట్ల కంటే ఒక సైజు పెద్దవి. రెండు జతల సాక్సులు వేస్తే సరిపోతాయని, కాలు పెరిగినా పనికొస్తాయని చెబుతున్నారు. వాడికి ఇప్పటికే లేసులు కట్టే చోట, చీలమండ ముందు భాగంలో నొప్పి ఉంది. కాలివేళ్ల సందుల్లో దురద కూడా ఉంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి, మళ్లీ వస్తోంది. ఆ కిట్ తీసుకోమంటారా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: సిమెంటు రింకు మీద చక్రాలతో నేర్చుకున్న మన ఊరి పిల్లవాడు మంచు మీదికి వెళుతున్నాడంటే చాలా సంతోషంగా ఉంది. ఆ కిట్‌లో షిన్ గార్డులు, మోచేతి ప్యాడ్లు, భుజాల ప్యాడ్లు సరిపోతే తీసుకోండి. స్కేట్లు, హెల్మెట్ మాత్రం వద్దు. మీ దగ్గరున్న డబ్బు ముందుగా ఈ రెండింటికీ, మెడ గార్డుకూ ఖర్చు పెట్టండి.

పిల్లలు ఎదుగుతారని స్కూలు యూనిఫాం వదులుగా కుట్టించినట్లు స్కేట్లు కొనకూడదు. ఐస్ హాకీ స్కేట్లు మామూలు బూట్ల కంటే సాధారణంగా ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నవిగా ఉండాలి. కాబట్టి మీకు ఇస్తామంటున్న జత ఒక సైజు కాదు, రెండు, రెండున్నర సైజులు పెద్దదన్నమాట. అంత వదులు బూటులో అడుగు వేసిన ప్రతిసారీ మడమ పైకి లేస్తుంది. దాన్ని ఆపడానికి పిల్లలు లేసులు బలమంతా పెట్టి బిగిస్తారు. ఆ లేసుల కింద, చీలమండ ముందు నుంచి పాదాన్ని పైకి లేపే స్నాయువులు పోతాయి. అవి ఒత్తిడికి నలిగి వాస్తాయి. ఆటగాళ్లు దీన్ని లేస్ బైట్ అంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీవాడి నొప్పి అదే అయి ఉండవచ్చు. అంటే ఇప్పుడు వాడుతున్న ఇన్‌లైన్ బూటు కొలత కూడా ఒకసారి చూడాల్సిందే. రెండో జత సాక్సు వేస్తే బూటులో పాదం ఇంకా జారుతుంది, చెమట పెరుగుతుంది, మడమ ఒరుసుకుని బొబ్బలు వస్తాయి. పలుచని సింథటిక్ సాక్సు ఒక్క జత చాలు.

కొలత చూసే పద్ధతి తేలికే. సాయంత్రం పూట రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. లేసులు పూర్తిగా వదులు చేసి, వేళ్లు బూటు ముందు భాగానికి తాకేదాకా పాదాన్ని ముందుకు జరపమనండి. అప్పుడు మడమ వెనుక మీ వేలు ఒక్కటి పట్టాలి. ఎదిగే పిల్లలకు ఆ ఒక సెంటీమీటరు సందు చాలు. రెండు వేళ్లు పడితే ఆ జత పక్కన పెట్టండి. తర్వాత మడమను వెనక్కి తన్నించి, లేసులు కట్టించండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగానికి తాకీ తాకనట్లు ఉండాలి. మోకాళ్లు వంచితే కొద్దిగా వెనక్కి రావాలి. పది, పదిహేను నిమిషాలు అలాగే ఉంచి చూడండి. పాదం పక్కల తిమ్మిరి వస్తే వెడల్పు చాలదని అర్థం.

వాడిన స్కేట్లు తప్ప వేరే దారి లేదనుకుంటే, చీలమండ దగ్గర బూటు రెండు వైపులా పట్టుకుని లోపలికి నొక్కండి. మెత్తగా మడత పడితే ఆ బూటు ఇక చీలమండకు ఆసరా ఇవ్వలేదు. బ్లేడు పట్టి ఉంచే రివెట్లు వదులుగా ఉన్నాయా, తుప్పు పట్టాయా అన్నదీ చూడండి.

కొత్త బ్లేడ్లకు కూడా తొలిసారి సాన పట్టించాల్సి రావచ్చు. అయితే వీధిలో కత్తులు సానపట్టేవారికి మాత్రం ఇవ్వకండి. బ్లేడు అడుగున పొడవునా సన్నని గాడి ఉంటుంది. దానికి ఇరువైపులా ఉండే అంచులే మంచును పట్టుకుంటాయి. మామూలు సానరాయి ఆ గాడిని చెరిపేస్తుంది. శిబిరంలో స్కేట్లకు సానపట్టే యంత్రం ఉన్నవారితోనే చేయించండి. ఆట ముగిశాక బ్లేడును పొడి గుడ్డతో తుడిచి, గుడ్డ తొడుగు వేయాలి. గట్టి ప్లాస్టిక్ తొడుగులు నడవడానికే గానీ నిల్వ ఉంచడానికి కాదు, వాటిలో తేమ నిలుస్తుంది. విశాఖ ఉప్పుగాలికి తడి ఉక్కు ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక హెల్మెట్. లోపలి ఫోము దెబ్బ తిన్నా పైకి చక్కగానే కనిపిస్తుంది. అది ఎన్ని దెబ్బలు తిన్నదో మనకు తెలియదు. హెచ్‌ఈసీసీ (హాకీ పరికరాలను ధ్రువీకరించే సంస్థ) ధ్రువీకరణ ఉన్న ఐస్ హాకీ హెల్మెట్లకు ఆ ధ్రువీకరణ తయారైన తేదీ నుంచి ఆరున్నరేళ్ల వరకే చెల్లుతుంది. ఆ ధ్రువీకరణ స్టిక్కరు చూడకుండా కొనవద్దు. క్రికెట్ హెల్మెట్, సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరావు. పెట్టుకుంటే కనుబొమలకు వేలెడు పైన ఉండాలి, తల ఊపితే కదలకూడదు. ఈ వయసులో ముఖమంతా కప్పే జాలీ, పళ్లకు మౌత్ గార్డు తప్పనిసరి అనుకోండి. అయినా ఏ హెల్మెట్టూ మెదడు అదురును పూర్తిగా ఆపలేదన్నది గుర్తుంచుకోండి.

మెడ గార్డు విషయంలో నేను పట్టుబట్టి చెబుతున్నాను. 2023 అక్టోబరు 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్‌లో ప్రత్యర్థి స్కేటు బ్లేడు మెడకు తగిలి ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీల్లో అన్ని స్థాయుల వారికీ మెడ రక్షణ తప్పనిసరి చేసింది. కోతకు తట్టుకునే బట్టతో చేసినది, మెడ చుట్టూ పూర్తిగా కప్పేది తీసుకోండి. షిన్ గార్డు మోకాలి చిప్ప నుంచి స్కేటు అంచు దాకా రావాలి. మధ్యలో కాలు కనిపిస్తే అది పొట్టిదే.

దురద సంగతి. అది ఫంగస్ వల్ల వచ్చే తామర కావచ్చు. ఆ ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథాసోన్ వంటి పేరు ఉందేమో చదవండి. ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్లే, వెంటనే ఆపేయండి. దానివల్ల ఎరుపు, దురద తాత్కాలికంగా తగ్గుతాయి గానీ ఫంగస్ లోలోపల పాకుతుంది. మీవాడికి తగ్గి మళ్లీ రావడానికి కారణం అదే కావచ్చు. చర్మవైద్యులకు చూపించి, దురద తగ్గాక కూడా వారు చెప్పినన్ని రోజులు మందు వాడండి. మందు ఎంత మంచిదైనా, బ్యాగు జిప్పు తీయగానే ముక్క వాసన కొడుతుంటే లాభం లేదు. ఇంటికి రాగానే అన్నీ బయటకు తీయాలి. బూటు లోపలి అట్టలు తీసి, నాలుకను ముందుకు లాగి, ముందు భాగంలో న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టాలి. మండుటెండలో పెడితే జిగురు ఊడుతుంది, హెల్మెట్ ప్లాస్టిక్ పాడవుతుంది. సాక్సులు, మెడ గార్డు ఆడిన ప్రతిసారీ ఉతకాల్సిందే.

చీలమండ నొప్పికి వారం, పది రోజులు స్కేటింగ్ ఆపించండి. గుడ్డలో చుట్టిన ఐస్‌తో రోజుకు రెండు మూడు సార్లు పది నిమిషాలు కాపు పెట్టండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు నొప్పి ఉన్నచోటి రంధ్రాన్ని వదిలేసి లేసు కట్టండి. వాపు ఉన్నా, కుంటుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా ఎముకల వైద్యులకు చూపించండి. మంచు మీద పడ్డాక బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగుందని వదిలేయకండి. అక్కడి చిన్న ఎముక విరిగినా, అది పది, పద్నాలుగు రోజుల తర్వాత గానీ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు.

చివరిగా ప్రయాణం గురించి. లేహ్ సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. విమానంలో దిగిన తర్వాత కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకే స్కేట్లు కట్టాలి. తలనొప్పి, వాంతి, తల తిరగడం అనేవి ఎత్తు పడకపోయినా వస్తాయి, తలకు దెబ్బ తగిలినా వస్తాయి. అందుకే తల నేలకు తగిలేలా పడితే చిన్నదైనా వెంటనే చెప్పాలని మీవాడికీ, ఆ రోజు ఇక ఆడించకుండా వైద్యులకు చూపించాలని కోచ్‌కూ బయలుదేరే ముందే చెప్పి పంపండి.