కాజాకు తాళం వెయ్యకు

కావలి

అమ్మణ్ణీ,

నాయనమ్మ ఆశీస్సులు. పిల్లల తీపి తిండికి నువ్వు నియమాలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ ముందుచూపుకు పొంగిపోయాను. ‘కంచం ఖాళీ చేస్తేనే తీపి’ అన్న మూడో నియమం విన్నాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

తక్కినవన్నీ సరే. రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలకు మించి చక్కెర వద్దని రాశావట. రెండేళ్లు దాటిన పిల్లలకు అమెరికాలో గుండె ఆరోగ్యం కోసం పనిచేసే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పిన లెక్కా అదే. సీసాల్లో అమ్మే పళ్లరసాలనూ అందులోనే కలుపుకో. చంటిదానికి రెండేళ్లు నిండేదాకా చక్కెర, బెల్లం వద్దు. ఏడాదిలోపు తేనె అసలే నాకించకు, ఎవరు ముద్దుచేసి తెచ్చినా సరే. పెద్దవాడికి పళ్లు తోమించాకే పడుకోబెట్టు.

ఆ మూడో నియమం నేనూ పెట్టాను తల్లీ. మీ తాతయ్య పని మీద నెల్లూరు వెళ్లినప్పుడల్లా మలై కాజాలు తెచ్చేవారు. వాటిని స్టీలు డబ్బాలో పెట్టి, బీరువాలో దాచి, తాళంచెవి కొంగుకు ముడివేసుకునేదాన్ని. మీ నాన్నకు అప్పుడు ఎనిమిదేళ్లు. కాకరకాయ కూర కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా బీరువా వైపే చూస్తూ కూర్చునేవాడు. నీళ్లతో మింగేసి, ఎంగిలి చెయ్యే చాచేవాడు. కూర తినిపించానని నేను సంబరపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గోడ వెంబడి చీమల బారు. బియ్యం బస్తా వెనక, నోటు పుస్తకం కాగితంలో సగం కొరికిన కాజా. నిద్రలో ఉన్న నా కొంగు ముడి విప్పి తాళంచెవి తీసుకున్నాడు. చెంప మీద కొట్టాను. అయిదు వేళ్లూ తేలాయి. వాడు ఏడవలేదు. పాకం అంటిన అరచెయ్యి వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు. ఆకలికి తిన్నాడా, నేను దాచాను కాబట్టి తిన్నాడా అని ఆ రోజు నాకు తోచలేదు.

ఇప్పుడు వాడికి షుగరు. పెళ్లి భోజనాల్లో అందరి ముందూ జిలేబి వద్దంటాడు. కాసేపటికి మెట్ల కింద నిలబడి తింటాడు, నా కళ్లతో చూశాను. జబ్బు నా తాళం వల్ల వచ్చిందని అనను, మీ తాతయ్యకూ ఉండేది. ఆ చాటుగా తినడం మాత్రం నేను నేర్పిందే.

అందుకే చెబుతున్నాను, కాకరకాయ తిన్నందుకు కాజాను కూలిగా ఇవ్వకు. కూలి ఇచ్చి తినిపిస్తే ఆ కూర బాగుండదనే పిల్లవాడికి తెలుస్తుంది. తీపి ఉన్న రోజు చిన్న ముక్క అన్నంతోపాటే కంచంలో వడ్డించు. ముందు తింటాడో చివర తింటాడో వాడిష్టం. మళ్లీ అడిగితే ‘ఇవాళ్టికి అంతే’ అను, ఏడ్చినా మాట మార్చకు. దాచవలసినంత తీపి ఇంటికి తీసుకురావద్దు. మీ అత్తగారు మురిపెంగా ఇంకొకటి పెడితే పిల్లల ముందు ఆమెను ఏమీ అనకు.

సంక్రాంతికి రండి. అరిసెలు నూనెలోంచి తీశాక, పక్కన కూర్చుని నువ్వులు ఏరి తింటాడు నీ పెద్దవాడు. తిననీ.

ఈ ఉత్తరం చదివాక మీ నాన్నకు ఇవ్వు. ఆ చెంపదెబ్బ గురించి వాడితో ఇప్పటిదాకా ఒక్క మాటా అనలేకపోయాను.

ఇట్లు,
నాయనమ్మ