చిరంజీవి మాధవికి, పునాదుల గురించి

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి అమెరికా వాస్తుశిల్పి హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ జీవితాన్ని తెలుగులో రాయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వం, ఒకపక్క బెంగ.

1838లో లూసియానాలో పుట్టుక, హార్వర్డ్ చదువు, 1860లో పారిస్ ప్రయాణం, అంతర్యుద్ధం వల్ల ఇంటి నుంచి డబ్బు ఆగిపోతే అక్కడే కొలువు చేసుకోవడం, 1865లో తిరిగిరావడం ఎక్కడైనా దొరికే సంగతులే. తేదీలు రెండుచోట్ల సరిచూసుకో, చాలు.

ఆయన రూపొందించిన బోస్టన్‌లోని ట్రినిటీ చర్చి దగ్గర మాత్రం తొందరపడకు. 1877లో పూర్తయిన ఆ కట్టడపు గోపురాన్ని అందరూ వర్ణిస్తారు, కానీ అది నిలిచింది చిత్తడిని పూడ్చిన నేల మీద. అందులోకి సుమారు 4,500 కొయ్య దుంగలను దిగగొట్టి, పిరమిడ్ల ఆకారంలో నాలుగు గ్రానైటు దిమ్మెలు కట్టి, వాటి మీద గోపురం బరువు మోపారు. నీటిలో మునిగి ఉన్నంతకాలం ఆ కొయ్య చెడదు. నీరు దిగి గాలి తగిలిందా, కుళ్లిపోతుంది.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకంటే, ముప్ఫయ్యేళ్ల వయసులో నల్లరేగడిలో ఒక పెద్దమనిషికి మేడ కట్టించాను. శ్రావణమాసంలో గొయ్యి తీయించి చూస్తే మట్టి తేమగా, బిగువుగా కనిపించింది. ఇంకొంత లోతుకు వెళదామని ముసలి మేస్త్రి రెండుసార్లు అడిగితే, గృహప్రవేశ ముహూర్తం ముంచుకొస్తోందని కసిరాను. రెండో వేసవికి నేల నెర్రెలిచ్చి, పడమటి గోడ వేలు దూరేంత బీటవారింది. నేను చూడబోయేసరికి ఇంటాయన తల్లి ఆ బీట మీద క్యాలెండరు తగిలించి, ఏమీ అనకుండా నాకు మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ ఇప్పటికీ గొంతు దిగలేదు. శిలాఫలకం మీద నా పేరుంది, మేస్త్రిది లేదు.

కాబట్టి అమ్మా, అంతా రిచర్డ్‌సన్ ఒక్కడే కట్టినట్టు రాస్తే ఊరుకోను. కట్టిన నార్‌క్రాస్ సోదరులు, ఆయన కార్యాలయంలో పనిచేసిన స్టాన్‌ఫర్డ్ వైట్, లోపలి గోడలకు చిత్రాలు వేసిన జాన్ లా ఫార్జ్ కూడా నీ పుస్తకంలో ఉండాలి.

ఆయన మూత్రపిండాల జబ్బుతో 1886లో, 47 ఏళ్లకే పోయాడు; తాను రూపొందించిన పిట్స్‌బర్గ్ న్యాయస్థాన భవనం పూర్తవడం చూడనేలేదు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు నీవే గుర్తొస్తావు. పదో తరగతిలో నీవు పుస్తకం మీదే నిద్రపోతే నేను లేచి దీపం ఆర్పేవాణ్ని. ఇప్పుడు పదకొండింటికి నీవే ఆర్పుకో. మొదటి అధ్యాయం పెద్ద అక్షరాలతో అచ్చుతీయించి పోస్టులో పంపు, తెర మీద నా చూపు ఆనడం లేదు.