ఏడుపు ఆగిన తరువాత చెప్పవలసిన మాట

చి.ల.సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరు మారతహళ్లి సూపర్ మార్కెట్‌లో మీ వాడు నేల మీద పడి పొర్లి ఏడ్చాడని రాశావు. నాలుగేళ్లవాడు ఆమాత్రం చేయడం వింతేమీ కాదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం 25 ఏళ్ల ప్రాయం వరకు ఎదుగుతూనే ఉంటుంది. కనుక వాడు నిన్ను సాధించడానికే ఏడుస్తున్నాడన్న అనుమానం మనసులోంచి తీసివేయి.

ఏడుపు ముదిరినప్పుడు నీతులు చెప్పవద్దు. వాడి ఎదురుగా కిందికి కూర్చుని, "బొమ్మ కొనలేదని కోపం వచ్చింది కదూ" అని ఒక్కమాట అని ఊరుకో. కొట్టబోతే చేతులు మెల్లగా పట్టుకుని "కొట్టనివ్వను" అను. చుట్టూ చూసేవారికి జంకి బొమ్మ కొన్నా, ఫోన్ చేతికిచ్చినా, గట్టిగా ఏడిస్తే కోరిక తీరుతుందన్న పాఠం నీవే నేర్పినట్లవుతుంది. (ఆ చూసేవారిళ్లలోనూ ఇదే భాగోతం నడుస్తూ ఉంటుందిలే.)

నేర్పవలసినది వాడు తేరుకున్నాక నేర్పు. వేడి పాలు చల్లార్చినట్లు నెమ్మదిగా ఊదడం రాత్రి పడుకునే ముందు ఆటగా అలవాటు చేయి. ఊపిరి నిదానంగా వదిలితే గుండె దడ తగ్గుతుంది, కానీ ప్రశాంతంగా ఉన్నప్పుడు అలవాటైతేనే కోపంలో అది అక్కరకు వస్తుంది.

చాలా ఏడుపులకు మూలం ఆకలి, నిద్ర చాలకపోవడం. ఈ వయసులో రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. టిఫిన్ డబ్బా తినీ తినక, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో స్కూలు బస్సులో నలిగి వచ్చిన పిల్లవాణ్ణి బూట్లు విప్పకముందే డైరీ చూపించమంటే ఏడవక ఏం చేస్తాడు? ముందు నాలుగు ముద్దల పెరుగన్నం పెట్టి కాసేపు వదిలివేయి.

వాడు తనను తాను గాయపరచుకుంటున్నా, అయిదేళ్లు దాటాక కూడా రోజూ చాలాసేపు ఇలాగే సాగుతున్నా ఆలస్యం చేయవద్దు. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ అత్తగారు దొంగచాటుగా ఇచ్చే చాక్లెట్ల సంగతి. వాడి ఎదుట వాదించవద్దు. వాడు పడుకున్నాక, ఇవ్వదలిస్తే అన్నం తిన్న తరువాత ఇవ్వమని, ఏడుస్తున్నప్పుడు మాత్రం ఇవ్వవద్దని అడుగు. మనవడికి పెట్టుకునే ముచ్చటకు అడ్డు లేదని తెలిస్తే ఆవిడ కాదనరు.

ఇట్లు,
మీ పెద్దమ్మ