84కీ 55కీ పోటీ పెట్టకండి

ప్రశ్న: మా అమ్మాయికి రెండు కాలేజీల్లో మెకానికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చేలా ఉంది. మొదటి కాలేజీ ప్లేస్‌మెంట్లు 84 శాతం అంటోంది. రెండోది బ్రాంచీల వారీగా ఇచ్చింది: కంప్యూటర్ సైన్స్‌లో 240 మందికి 216, ఎలక్ట్రానిక్స్‌లో 120కి 96, మెకానికల్‌లో 60కి 33, అంటే 55 శాతమే. మొదటిదే నయం కదా?

జవాబు: అప్పుడే తేల్చేయకండి. 84 అనేది కాలేజీ మొత్తానికి, 55 ఒక్క బ్రాంచికి. రెండో కాలేజీ లెక్క కూడా మొత్తంగా కట్టి చూడండి. 420 మందిలో 345 మందికి ఉద్యోగాలొచ్చాయి, అంటే 82 శాతం. (మూడు బ్రాంచీల శాతాలు 90, 80, 55 కలిపి మూడుతో భాగిస్తే 75 వస్తుంది. అలా చేయకూడదు, మూడు బ్రాంచీల్లో పిల్లల సంఖ్య ఒకటి కాదు కాబట్టి.) 84 ఎక్కడ, 82 ఎక్కడ అనేంత తేడా ఏముంది?

చిక్కంతా మొదటి కాలేజీతోనే. విడి లెక్కలుంటే మొత్తం కట్టుకోవచ్చు గానీ, మొత్తం ఒక్కటే ఇస్తే అందులో మెకానికల్ ప్లేస్‌మెంట్లు ఎంత శాతమో ఎవరూ చెప్పలేరు. 40 శాతం కావచ్చు, 70 కావచ్చు. విడదీస్తే కథే మారిపోవచ్చు కూడా. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్ పీజీ అడ్మిషన్లలో, దరఖాస్తు చేసిన అబ్బాయిల్లో సుమారు 44 శాతానికి, అమ్మాయిల్లో 35 శాతానికి సీట్లొచ్చాయి. వివక్షేనేమో అనిపించింది. విభాగాల వారీగా చూస్తే అమ్మాయిలపై అలాంటి వివక్ష కనిపించలేదు. సీటు దొరకడం కష్టమైన విభాగాలకే వాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేశారు.

కాబట్టి మొదటి కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేసి మెకానికల్ లెక్క ఒక్కటే అడగండి. ఫైనల్ ఇయర్‌లో ఎంతమంది, అందులో ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది? ఆఫర్లు ఎన్ని అని కాదు, మనుషులు ఎంతమంది అని. ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసే చోట్లు ఉన్నాయి. ప్లేస్‌మెంట్లకు పేరు నమోదు చేసుకున్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారా, క్లాసు మొత్తాన్నా అన్నదీ కనుక్కోండి. రెండు కాలేజీలనూ మూడేళ్ల లెక్క అడగండి. 60 మంది ఉన్న క్లాసులో ముగ్గురు అటూ ఇటూ అయితే చాలు, 5 శాతం మారిపోతుంది.

రెండో కాలేజీ తన 55ని దాచకుండా పెట్టింది, అదీ గమనించండి. మొదటిది అడిగినా బ్రాంచి లెక్క ఇవ్వకపోతే, నేనైతే ఆ 84ని పక్కన పెట్టేస్తాను.