మెకానిక్ తండ్రి అడుగుతున్నారు: మా అబ్బాయిని ఈ పనిలోకి రానివ్వాలా?

ప్రశ్న: నేను పాతికేళ్లకు పైగా కార్లు బాగుచేస్తున్నాను. సొంత షెడ్డు ఉంది. మా అబ్బాయి స్కూలు చదువు ఈ ఏడాదితో అయిపోతుంది. మార్కులు బాగానే వస్తాయి కానీ సెలవు దొరికితే చాలు, షెడ్డులోనే ఉంటాడు. "నేనూ ఇదే పని చేస్తా నాన్నా" అంటున్నాడు. నాకే ధైర్యం చాలడం లేదు. ఒకప్పుడు చప్పుడు విని ఇంజిన్‌లో లోపం చెప్పేవాణ్ని. ఇప్పుడు బోనెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూతలు, వాటి కింద వైర్లు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ లేకపోతే చేతులు కట్టేసినట్టు ఉంటోంది. పైగా ఎలక్ట్రిక్ కార్లు వస్తే మెకానిక్‌కి పనే ఉండదంటున్నారు. వాడేమో పెద్ద స్కానర్ కొందామని పోరు పెడుతున్నాడు. వాణ్ని ఇందులోకి రానివ్వాలా, కంప్యూటర్ కోర్సులో చేర్పించాలా?

జవాబు: రానివ్వండి. అయితే నేరుగా మీ షెడ్డులోకి మాత్రం వద్దు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మీరు రెండు భయాలను కలిపేసి రాశారు. పని అర్థం కాకుండా పోతోందన్నది ఒకటి, పనే లేకుండా పోతుందన్నది రెండోది. రెండోదాని గురించి మీరు పడుతున్నంత టెన్షన్ అక్కర్లేదు. మొదటిదే అసలు సంగతి.

కార్లలోకి ఎలక్ట్రానిక్స్ నిన్నో మొన్నో రాలేదు. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ 1600లోకి వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. కారులోని కంప్యూటర్లన్నీ రెండు తీగల మీద మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని 1986లో బయటపెట్టారు. స్కానర్ పెట్టే 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్లు అమెరికాలో 1996 నుంచి అమ్మిన కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యాయి. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి. అంటే మీరు ఈ పనిలోకి వచ్చేసరికే మార్పు మొదలైపోయింది. కాంటాక్ట్ పాయింట్లు గీకి శుభ్రం చేయడం, కార్బొరేటర్ ట్యూనింగ్, డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ పెట్టడం లాంటి పనులు మీ కళ్ల ముందే మాయమయ్యాయి. అయినా మీ షెడ్డు నడుస్తూనే ఉంది. మెకానిక్‌కి పని తగ్గలేదు, అది చేసే తీరు మారిందంతే.

ఇక ఆ తీరు సంగతి. మీకు బాగా తెలిసిన కంప్లయింట్‌తోనే చెబుతాను. బండి వచ్చింది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఆన్‌లో ఉంచితే, వణుకుతోంది. స్కానర్ పెడితే పి0171 అని కోడ్ వచ్చింది. అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. చాలాచోట్ల ఇది చూడగానే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. పాపం, ఆ సెన్సర్ చేసిందల్లా ఉన్న మాట చెప్పడం. నాలుగు రోజులకు లైటు మళ్లీ వెలుగుతుంది, కస్టమర్ తిరిగొస్తాడు. ఈసారి ఇంజెక్టర్లు మారుస్తారు.

పని తెలిసినవాడు కోడ్ దగ్గర ఆగిపోడు. స్కానర్‌లోనే లైవ్ డేటా తెరిచి ఫ్యూయల్ ట్రిమ్ చూస్తాడు. మిశ్రమాన్ని సరిచేయడానికి కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో అందులో కనిపిస్తుంది. ఐడిల్‌లో ప్లస్ 20 ఉందనుకుందాం. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే అది ప్లస్ 4కి దిగింది. అప్పుడు అనుమానం ఎక్కడో గాలి లీకవుతోందన్న దాని మీదకు పోతుంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం గాలి, అందులో దొంగగాలి వాటా ఎక్కువ. ఇంజిన్ వేగం పెరిగితే పీల్చే గాలి బాగా పెరుగుతుంది, దొంగగాలి లెక్కలోకి రాదు. అలా కాకుండా వేగం, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే చూడాల్సింది పెట్రోలు పంపు, ఫిల్టర్, లేదా లోపలికి వెళ్లే గాలిని కొలిచే, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్. కోడ్ ఒక్కటే అయినా లోపాలు రెండు రకాలు. ఆ తేడా చెప్పేది రెండు అంకెలు.

గాలి లీకని తేలాక ఏం చేస్తారు? బోనెట్ మీదికి వంగి, ఇంజిన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ చుట్టూ ఎక్కడ 'సుయ్'మంటోందో వింటారు. ఆ చెవి మీకుంది. మీ అబ్బాయికి ఇంకా లేదు. ఎక్కడ వినాలో తెర చెబుతుంది, ఏ గొట్టం చిరిగిందో చెవి చెబుతుంది. అందుకే మీ పాతికేళ్ల అనుభవం పాతదైపోయిందని మీరనుకుంటే నేను ఒప్పుకోను. ఆ అనుభవంలో ఒక ముక్క తక్కువైంది, అంతే. అది కరెంటు.

నిజానికి ఈ మధ్య షెడ్లకు వచ్చే కంప్లయింట్లలో మనుషుల్ని ఎక్కువ తిప్పలు పెట్టేవి కంప్యూటర్ జబ్బులు కావు. వదులైన కనెక్టర్లు, చిలుం పట్టిన ఎర్త్‌లు (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే తీగలు). ఉదాహరణకు స్టార్టర్ నీరసంగా తిరుగుతోంది. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, బాగానే ఉంది. స్టార్టర్ విప్పేద్దామనిపిస్తుంది. అంతకంటే ముందు మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండో కొసను ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. మీటరు దాదాపు సున్నా చూపించాలి. ఒక వోల్టు చూపిస్తే ఆ వోల్టును ఎర్త్ తీగ మింగేస్తోందన్నమాట. తీగ విప్పి, శుభ్రం చేసి బిగిస్తే సరి. స్టార్టర్ ముట్టుకోనే అక్కర్లేదు. క్యాన్ తీగలకూ ఇలాంటి సులువైన పరీక్షే ఉంది. బ్యాటరీ తీసేసి, సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూస్తే చాలా కార్లలో 60 ఓమ్‌లు రావాలి. రెండు కొసల్లో చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి ఆ లెక్క. 120 చూపిస్తే ఎక్కడో తీగ తెగిందని అర్థం. ఇదంతా స్కూలు ఫిజిక్సే. మీ వాడికి మార్కులు బాగానే వస్తాయన్నారు కదా, అవి ఇక్కడే పనికొస్తాయి. "చదువు రాకపోతే మెకానిక్ అవుతాడు" అనే రోజులు పోయాయి. సర్వీస్ మాన్యువల్ చదవలేనివాడు, వైరింగ్ డయాగ్రమ్ చూసి భయపడేవాడు ఇకపై హెల్పర్‌గానే మిగిలిపోతాడు. కటువుగా ఉన్నా ఉన్న మాట చెబుతున్నాను.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్ల సంగతి. మీరు విన్నదాంట్లో సగం నిజముంది. వాటిలో ఇంజిన్ ఆయిల్ లేదు, స్పార్క్ ప్లగ్గుల్లేవు, టైమింగ్ బెల్టు లేదు, మామూలు క్లచ్ లేదు, సైలెన్సర్ లేదు. ఆయిల్ సర్వీసుల మీదే బతికే షెడ్డుకు రాబడి తప్పకుండా తగ్గుతుంది. అయితే టైర్లు అరుగుతాయి. బ్యాటరీ బరువు వల్ల సస్పెన్షన్ బుష్‌లకూ పని పడుతుంది. బ్రేకులది విచిత్రమైన బాధ. కారు వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది కాబట్టి బ్రేకులు వాడక తుప్పు పట్టి, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. అరిగిపోయి కాదు, ఖాళీగా కూర్చుని చెడిపోతాయి! కూలెంట్ ఉంటుంది. మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే అంత పెద్ద కారూ కదలదు. ఏసీ అయితే చాలా మోడళ్లలో మనుషులతో పాటు పెద్ద బ్యాటరీని కూడా చల్లబరుస్తుంది. దాని కంప్రెసర్‌కు కరెంటు మోటారు ఉంటుంది కాబట్టి, విద్యుత్తును పారనివ్వని ప్రత్యేకమైన ఆయిలే పోయాలి. అలవాటు చొప్పున మామూలు ఏసీ ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ దెబ్బతిని కారు మొరాయిస్తుంది. తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా వచ్చేది ఇలాంటి చోటే.

పెట్రోలు, డీజిలు కార్లు రేపటికి రేపు మాయమైపోవు. ఇవాళ కొన్న ఇంజిన్ కారు ఇంకో పదిహేనేళ్లయినా రిపేరుకు వస్తూనే ఉంటుంది. మధ్యలో హైబ్రిడ్లున్నాయి. 1997లో టయోటా ప్రియస్‌తో పెద్ద ఎత్తున తయారీ మొదలైన ఈ రకంలో ఇంజినూ ఉంటుంది, హై వోల్టేజీ బ్యాటరీ కూడా ఉంటుంది. రెండూ తెలిసినవాడే దాని మీద చేయి వేయగలడు. రెండూ నేర్చుకునే వయసులో ఇప్పుడు మీ అబ్బాయి ఉన్నాడు.

కొత్తగా పుట్టిన పనులూ ఉన్నాయి. ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కార్లు చూస్తున్నారుగా. లేన్ దాటితే హెచ్చరించేది, తనంతట తానే బ్రేకు వేసేది అలాంటి కెమెరా చూపును బట్టే. అద్దం మార్చాక కెమెరాను మళ్లీ కొలతల ప్రకారం సరిచేయాలి. అది ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 100 మీటర్ల దూరంలో దాదాపు 1.75 మీటర్ల తేడా వస్తుంది. పక్క లేన్‌లోని బండిని మన ముందుందని అనుకోవడానికి అది చాలు. ఈ క్యాలిబ్రేషన్‌కు చదునైన నేల, టార్గెట్ బోర్డులు, ఓపిక ఉండాలి. చేసేవాళ్లు తక్కువ.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. హై వోల్టేజీ పని ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకునేది కాదు. డీసీలో 60 వోల్టులు దాటితేనే ప్రమాదంగా లెక్కిస్తారు. ఈ కార్లలో 400 వోల్టులు మామూలు, కొన్నిటిలో 800. నారింజ రంగు తీగ, అంటే హై వోల్టేజీ తీగ కనిపిస్తే శిక్షణ లేనివాడు చేయి పెట్టకూడదు. శిక్షణ ఉన్నవాడు కూడా ముందు పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ తీసి, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోయేదాకా తయారీదారు చెప్పినంతసేపు ఆగి, అప్పుడు వోల్టేజీ ఏమైనా మిగిలిందేమో కొలుస్తాడు. కొలిచే ముందూ తర్వాతా మీటరు పనిచేస్తోందో లేదో మరోచోట సరిచూసుకుంటాడు. ఎందుకంటే చెడిపోయిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది. రబ్బరు గ్లవ్స్‌లో గాలి నింపి, సూదిమొనంత చిల్లైనా ఉందేమో చూశాకే తొడుక్కుంటాడు. మీ అబ్బాయికి ఇలాంటి పద్ధతుల మీద విసుగు ఉంటే ఈ దారి వద్దు. ఆ సంగతి మీకే బాగా తెలుస్తుంది. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించమంటే బిగిస్తాడా, 'నా చేతికి తెలుసులే' అంటాడా?

సరే, నేరుగా మీ షెడ్డులోకి ఎందుకు వద్దన్నానంటే, అక్కడ వాడు ఎప్పటికీ మీ అబ్బాయే. టార్చి పట్టుకుంటాడు, పానాలు అందిస్తాడు, మీకు తెలిసింది త్వరగా పట్టేస్తాడు. మీకు తెలియనిది మాత్రం అక్కడ ఎవరు నేర్పుతారు? ఆటోమొబైల్, ఆటో ఎలక్ట్రికల్ లేదా మెకట్రానిక్స్ (మెకానికల్, ఎలక్ట్రానిక్స్ కలిసిన చదువు)లో డిప్లొమా చేయించండి. చేర్పించే ముందు మీరే వెళ్లి వర్క్‌షాప్ చూడండి. మీకంటే బాగా పరీక్షించగలవాళ్లు ఉండరు. కార్లకు దుమ్ము పట్టి ఉందా, విద్యార్థులు విప్పి బిగిస్తున్న గుర్తులున్నాయా? హైబ్రిడ్ గానీ ఎలక్ట్రిక్ కారు గానీ ఒక్కటైనా ఉందా? కరెంటు సంకేతాలను గీతలుగా చూపించే ఆసిలోస్కోప్ ఉంటే అది అలమారాలో ఉందా, బల్ల మీద ఉందా? బోర్డు మీద రాసిన పేర్లకంటే ఇవి ముఖ్యం.

తర్వాత రెండు మూడేళ్లు ఏదైనా కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో పని చేయనివ్వండి. మొదటి ఏడాది ఆయిల్ మార్చడంతోనే గడిచిపోతుంది, టార్గెట్లుంటాయి, వాడు విసుక్కుంటాడు. అయినా తయారీదారు శిక్షణ, పద్ధతి ప్రకారం పనిచేసే అలవాటు, కొత్త మోడళ్లు అక్కడే దొరుకుతాయి. ఆ తర్వాత మీ షెడ్డుకే వస్తాడో, డయాగ్నస్టిక్ టెక్నీషియన్‌గానే ఉండిపోతాడో, బీమా సర్వేయర్ వైపు వెళతాడో అప్పుడు చూసుకోవచ్చు. సొంత షెడ్లకు అసలు చిక్కు రిపేరు సమాచారం, సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంది. కొన్ని కార్లలో కొత్త భాగం బిగించాక దాన్ని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో నమోదు చేయకపోతే పనిచేయదు. ఈ సమాచారం బయటి మెకానిక్‌లకూ అందాలని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ఓటర్లు చట్టానికి మద్దతిచ్చారు. ఐరోపాలోనూ నిబంధనలున్నాయి. పోరాటం ఇంకా నడుస్తోంది.

కంప్యూటర్ కోర్సు మాట పక్కన పెట్టండి. ఇష్టం లేని కోర్సులో చేర్పిస్తే సెలవు దొరికిన రోజు మళ్లీ షెడ్డుకే వస్తాడు.

చదువు సాగుతుండగా మీరు నేర్పాల్సింది ఒకటుంది, అది ఏ కాలేజీలోనూ చెప్పరు. కస్టమర్‌ని అడగడం. చప్పుడు ఎప్పుడు వస్తోంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడా, బాగా వేడెక్కాకా? మలుపులోనా, బ్రేకు తొక్కినప్పుడా? అంతకుముందు ఎవరైనా ఏదైనా విప్పారా? స్కానర్ పెట్టకముందే ఈ ప్రశ్నలు అడగాలి, కస్టమర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు నడిపి చూడాలి. సెలవుల్లో వాణ్ని ఈ పనికి పెట్టండి. అడిగినవి కాగితం మీద రాయించండి.

పెద్ద స్కానర్ ఇప్పుడే వద్దు. ముందు మంచి మల్టీమీటరు, లైవ్ డేటా చూపించే చిన్న స్కానర్ కొనండి. పైన చెప్పిన ఫ్యూయల్ ట్రిమ్, ఎర్త్ పరీక్ష నేర్చుకోవడానికి అవి సరిపోతాయి. మీ దగ్గరికి ఏ కంపెనీ కార్లు ఎక్కువ వస్తున్నాయో ఒక ఏడాది పుస్తకంలో రాసి పెట్టుకోండి, పెద్దది కొనేటప్పుడు అది ఆ కార్లకు పూర్తిగా పనిచేస్తుందో లేదో మీ షెడ్డులోనే పెట్టించి చూడండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు ఏటా మళ్లీ కట్టాలా, కట్టకపోతే పాత కార్లకైనా పనిచేస్తుందా అన్నది కొనే ముందే అడిగి రాయించుకోండి.